12 సీట్ల ట్రావెలర్‌లో నిజంగా ఎంతమంది పడతారు? బెజవాడ కిరాయి బండి మీద రివ్యూ

అన్న హైదరాబాదు, అక్క బెంగళూరు, తమ్ముడు డల్లాసు, అమ్మానాన్నలు తెనాలి. ఏడాదికోసారి అందరూ బెజవాడలో దిగి మూడు రోజులు చుట్టుపక్కల తిరిగి, చూసినదాన్ని తలా కొంత రాసి ఒకచోట చేర్చుకునే కుటుంబాలకు మొదట తట్టే బండి టెంపో ట్రావెలర్. రెండు కార్లు మాట్లాడుకుంటే సగం ట్రిప్పు "మీరెక్కడున్నారు, మేమిక్కడ ఆగాం" అనే ఫోన్లకే సరిపోతుంది. ఒకే బండిలో అయితే అందరూ ఒకే కిటికీలోంచి కృష్ణను చూస్తారు, తర్వాత అయిదుగురూ అయిదు రకాలుగా రాస్తారు.

ఈ రివ్యూ ఏ ఒక్క ట్రావెల్స్‌వారి మీదా కాదు. విజయవాడ, గుంటూరుల్లో డ్రైవరుతో సహా కిరాయికి దొరికే 12 సీట్ల ఏసీ ట్రావెలర్ ఇలాంటి కుటుంబానికి ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ దెబ్బ తీస్తుంది అన్నదే విషయం. బండికి అయిదుకు నాలుగు, డ్రైవర్లకు నాలుగున్నర, బిల్లుకు రెండు మార్కులు.

ముందు సీట్ల సంగతి. 12+1 అంటే ప్రయాణికులు 12 మంది, డ్రైవరు ఒకరు. కాగితం మీద అంతే. సామాను లేకుండా పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే పెళ్లివారికి పన్నెండూ సరిపోతాయి. ఊళ్ల నుంచి పెట్టెలతో దిగిన కుటుంబానికి మాత్రం అది తొమ్మిది మంది బండి. చివరి వరుస వెనక ఉండే డిక్కీ జాగా చాలా తక్కువ, పుష్‌బ్యాక్ సీట్లు వాల్చితే ఇంకా తగ్గుతుంది. అమెరికా నుంచి వచ్చేవాళ్లు సాధారణంగా తలకు రెండు 23 కిలోల పెట్టెలు తెస్తారు. ముగ్గురొస్తే ఆరు. అవి డిక్కీలో పట్టవు. అప్పుడు నడవలో పేర్చడం మొదలవుతుంది. నడవ నిండితే వెనక కూర్చున్న పెద్దవాళ్లు ఆగిన చోటల్లా పెట్టెలు దాటుకుని దిగాలి. అంతకన్నా పెద్ద ప్రమాదం, వెనక ఉండే అత్యవసర ద్వారానికి దారి మూసుకుపోతుంది.

టాప్ మీద క్యారియర్ ఉందిగా అంటారు ఓనర్లు. ఉంటుంది. టార్పాలిన్, తాళ్లు కూడా ఉన్నాయా అని అడగండి, ఫోటో పంపమనండి. ఆగస్టు, అక్టోబరు వానల్లో టార్పాలిన్ లేని క్యారియర్ అంటే తడిసిన పట్టుచీరలే. పైగా ఎక్కించడానికి, దించడానికి ప్రతిసారీ పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పోతుంది. పెద్ద పెట్టెలు ఇంట్లోనో లాడ్జిలోనో వదిలేసి మనిషికి ఒక చిన్న సంచీతో బండెక్కడం మేలు. రోజుకో ఊళ్లో బస చేసే ట్రిప్పయి, మనుషులు పది దాటితే 17 సీట్ల బండి మాట్లాడుకోండి, మొహమాటం వద్దు. అయిదారుగురికి ఇన్నోవా చాలు, ట్రావెలర్ దండగ.

సీటు ఎంపికలో ఇంకో మెలిక ఉంది. చివరి వరుస వెనక చక్రాలకు అవతల పడుతుంది, కింద కమాను పట్టీలు. ఊళ్లలోని స్పీడ్ బ్రేకర్ల మీద ముందువాళ్లకు ఊపు తెలిస్తే, వెనకవాళ్లు ఎగిరిపడతారు. నడుము నొప్పి ఉన్నవాళ్లను, బండి పడక వాంతులయ్యే పిల్లలను మొదటి రెండు వరుసల్లో కూర్చోబెట్టండి. చివరి వరుస కుర్రకారుకి. ఎక్కే మెట్టు ఎత్తు మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలకు కష్టం. ఒక గట్టి ప్లాస్టిక్ పీట ఇంటి నుంచి తెచ్చుకుంటే మూడు రోజులూ ఆమె కాళ్లు మీకు దణ్ణం పెడతాయి.

ఏసీని పొద్దున ఏడింటికి పరీక్షించి లాభం లేదు. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిలో పది నిమిషాలు ఏసీ వేయించి, చివరి వరుస పైనున్న రంధ్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. ముందు చల్లగా ఉండి వెనక వేడిగా ఉంటే గ్యాస్ తగ్గిందో, బెల్టు వదులైందో, దుమ్ము పట్టిందో అయి ఉంటుంది. మే నెల బెజవాడలో ఆ బండి వద్దు. ఆగినప్పుడు ఏసీ నడవాలంటే ఇంజను తిరగాల్సిందే, గంటకు లీటరు పైన డీజిల్ కాలుతుంది. అందుకే డ్రైవరు ఆపేస్తాడు. అతణ్ణి తిట్టి ప్రయోజనం లేదు. గుడి దగ్గర దర్శనానికి వెళ్లలేక బండిలోనే ఉండిపోయే పెద్దవాళ్లుంటే, ఆ సంగతి కిరాయి మాట్లాడేటప్పుడే ఓనరుతో తేల్చుకోవాలి.

ఇక బిల్లు. అందరూ అడిగే మొదటి ప్రశ్న "కిలోమీటరుకి ఎంతండీ?" మూడు రోజుల ట్రిప్పులో ఆ అంకె దాదాపు దేనికీ కొరగాదు. బిల్లును నిర్ణయించేది మినిమం. బయట ఊరి కిరాయికి రోజుకు 250 లేదా 300 కిలోమీటర్ల మినిమం పెడతారు. తిరిగినా తిరగకపోయినా అంత కట్టాలి. పోటీ పడి కిలోమీటరుకు రూపాయి తగ్గించి, మినిమం 250 నుంచి 300 చేస్తే ఓనరుకు లాభమే.

లెక్క వేసి చూద్దాం. రేట్లు ఉదాహరణకే: కిలోమీటరుకు 26, మినిమం 300, డ్రైవరు బత్తా రోజుకు 500. మొదటి రోజు అమ్మవారి గుడి, ఉండవల్లి, మంగళగిరి, సుమారు 60 కిలోమీటర్లు. రెండో రోజు అమరావతి, గుంటూరు చూసి రావడం, 110. మూడో రోజు బాపట్ల సూర్యలంక బీచ్, రానూపోనూ 180. బండి తిరిగింది 350 కిలోమీటర్లు. కిలోమీటరు రేటు చూసి మనసులో వేసుకున్న లెక్క 9,100. వచ్చే బిల్లు 900 కిలోమీటర్లకు 23,400, బత్తా 1,500, మొత్తం 24,900. టోలు, పార్కింగు అదనం.

మొదటి రెండు రోజులూ లోకల్ ప్యాకేజీ కింద మాట్లాడితే? 8 గంటలు, 80 కిలోమీటర్లకు 5,500, పైన గంటకు 300, కిలోమీటరుకు 26 అనుకోండి. మొదటి రోజు తొమ్మిది గంటలు, 5,800. రెండో రోజు పది గంటలు, 30 కిలోమీటర్లు ఎక్కువ, 6,880. మూడో రోజు ఒక్కటే బయట ఊరి లెక్క, బత్తాతో 8,300. మొత్తం 20,980. దాదాపు నాలుగు వేలు మిగిలింది, బండి అదే, రోడ్డూ అదే. ఓనరు ఒప్పుకుంటాడా అంటే, సీజను కాని రోజుల్లో ఒప్పుకుంటాడు. ముహూర్తాల్లో ఒప్పుకోడు.

మినిమం రోజువారీనా, ట్రిప్పు మొత్తం మీదా అన్నది రెండో మెలిక. ఒక రోజు ఊళ్లోనే 60, మర్నాడు నాగార్జునకొండకు రానూపోనూ 380 తిరిగారనుకోండి. రోజువారీ లెక్కలో 300 + 380, అంటే 680. ట్రిప్పు మొత్తం మీద లెక్కేస్తే నిజంగా తిరిగింది 440, మినిమం 600, కాబట్టి 600. తేడా 80 కిలోమీటర్లు, 2,080 రూపాయలు.

మూడోది "రోజు" అంటే ఏమిటన్నది. చాలామందికి రోజు అర్ధరాత్రి పన్నెండుకి మారుతుంది. దూరాల నుంచి వచ్చే కుటుంబాలు ఎక్కువగా పడే గుంట ఇదే. హైదరాబాదు వాళ్ల రైలు రాత్రి పదింటికి దిగుతుంది కదా అని బండిని స్టేషనుకు రప్పిస్తే, ఆ రెండు గంటలకూ ఒక పూర్తి రోజు మినిమం, పైగా రాత్రి చార్జీ. ఆ రాత్రికి ఆటోలోనో క్యాబులోనో ఇల్లు చేరండి, ట్రావెలర్‌ను పొద్దున రమ్మనండి. గన్నవరం విమానాశ్రయానికి కూడా అంతే. ఊరి నుంచి 20 కిలోమీటర్ల దూరానికి, అందరూ ఒకే విమానంలో దిగితే తప్ప ట్రావెలర్ పంపడం తెలివి కాదు. స్టేషను నుంచి ఎక్కించుకోవాల్సి వస్తే ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపా, పదో నంబరు వైపా అన్నది డ్రైవరుకు ముందే చెప్పండి. తప్పు వైపు ఆగిన బండి చుట్టూ తిరిగొచ్చేసరికి అరగంట.

షెడ్డు నుంచి షెడ్డుకు రీడింగ్ లెక్కన్నది, అంటే బండి ఓనరు దగ్గర బయల్దేరి తిరిగి అక్కడికి చేరేదాకా లెక్కన్నది, అందరికీ తెలిసిందే. తెలియని చమత్కారం ఒకటుంది. మినిమం కట్టే రోజున షెడ్డు దూరం మీకు ఉచితం, ఎలాగూ 300 తిరగడం లేదు. లోకల్ ప్యాకేజీ రోజునే అది కొరుకుతుంది. గుంటూరు ఓనరు రేటు తక్కువన్నాడని బెజవాడకు రప్పిస్తే, రానూపోనూ 70 కిలోమీటర్లు 80 కిలోమీటర్ల ప్యాకేజీలోంచి పోయాక మీకు మిగిలేది పది. లోకల్‌కు ఊరి బండి, దూరానికి ఏ ఊరి బండైనా.

టోల్ రసీదుల కాలం పోయి ఫాస్టాగ్ వచ్చింది, మెసేజ్ ఓనరు ఫోనుకు వెళ్తుంది. 24 గంటల్లో అదే గేటు మీదుగా తిరిగొస్తే రెండు పూర్తి టోళ్లు కాదు, ఒకటిన్నర. బిల్లులో రెండు రాస్తే మెసేజ్ చూపించమనండి. మంగళగిరి దాకా వెళ్లి వెనక్కి వస్తే కాజా టోల్‌గేటే తగలదు. ఆ రోజుకు టోల్ రాశారంటే అడిగే హక్కు మీది.

ఇవన్నీ ఫోనులో మాట్లాడితే గాల్లో కలుస్తాయి. ఓనరుకు ఇలా ఒక మెసేజ్ పెట్టండి: "నమస్కారమండీ. 12 సీట్ల ఏసీ ట్రావెలర్, మూడు రోజులు, పెద్దలు ఏడుగురు, పిల్లలు ఇద్దరు. మినిమం ఎన్ని కిలోమీటర్లు, రోజువారీనా ట్రిప్పు మొత్తం మీదా? రోజు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి మారుతుంది? రీడింగ్ ఎక్కడి నుంచి? బత్తా, రాత్రి చార్జీ, టోలు, పార్కింగు, జీఎస్టీ కలిపా విడిగానా? బండి చెడితే ఎన్ని గంటల్లో వేరే బండి పంపుతారు? బండి నంబరు పంపగలరు." జవాబు రాసి ఇచ్చే ఓనరుకే అడ్వాన్సు. "అవన్నీ చూసుకుందాం లెండి, మనవాళ్లే కదా" అనే ఓనరు దగ్గర చివర్లో చూసుకోవాల్సింది మీరే.

నంబరు చేతికొచ్చాక ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు గడువులు కనిపిస్తాయి. ప్లేటు పసుపు రంగుది, అక్షరాలు నల్లవి అయితేనే కిరాయి బండి. తెల్ల ప్లేటు బండి చౌకగా దొరుకుతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు పేచీ పెట్టడానికి ఆ ప్లేటే చాలు. సీట్ల సంఖ్యకు మించి ఎక్కించినా అంతే, పిల్లలూ లెక్కలోకి వస్తారు. ఎంత ఎక్కువ డబ్బిచ్చినా బండి గంటకు 80 దాటదు, స్పీడ్ గవర్నరు ఉంటుంది. హైదరాబాదు నుంచి 275 కిలోమీటర్లు కారులో నాలుగున్నర గంటల్లో వచ్చేవాళ్లు ఇందులో ఆరు గంటలు వేసుకోవాలి.

తేదీలు ఖాయం చేసే ముందు విమానం టికెట్ల ధరలతో పాటు పంచాంగం కూడా చూడండి. లగ్నాలున్న రోజుల్లో రెండు జిల్లాల ట్రావెలర్లూ పెళ్లిళ్లకే పోతాయి. మిగిలినవి ఏవో మిగిలినవే. మూఢంలోనూ ఆషాఢంలోనూ బండ్లు ఖాళీగా ఉంటాయి, మినిమం తగ్గించమని అడిగితే వింటారు. కార్తీకమాసం ఆది, సోమవారాలు అసలు ఆశ పెట్టుకోవద్దు. పంచారామాల్లో ఒకటి అమరావతిలోనే ఉంది కాబట్టి బండీ దొరకదు, అక్కడ పార్కింగూ దొరకదు. దసరా తొమ్మిది రోజులూ ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీదికి బండ్లను వదలరు.

వారం కూడా ముఖ్యమే. అమరావతి మ్యూజియానికీ నాగార్జునకొండ మ్యూజియానికీ శుక్రవారం సెలవు. బెంగళూరు అక్క శుక్రవారం ఒక్కరోజు సెలవు పెట్టి వస్తుంది కాబట్టి అదే రోజు అమరావతి పెట్టుకుంటారు, వెళ్లి తాళం చూసి వస్తారు. శుక్రవారం మంగళగిరికి పెట్టుకోండి. కొండ మీద పానకాలస్వామి గుడి మధ్యాహ్నం మూడు దాకానే. రాత్రిళ్లు దేవతలు పూజ చేస్తారని నమ్మకం, సాయంత్రం తలుపులు తీయరు. కాబట్టి పొద్దున కొండ, తర్వాత కింద గాలిగోపురం, ఎండ వాలాక ఉండవల్లి గుహలు. బెజవాడ డ్రైవర్లు ఇవన్నీ అడక్కుండానే చెబుతారు, నాలుగున్నర మార్కులు అందుకే. ఆ మిగతా అర మార్కు, కొండపల్లి బొమ్మలు కొనాలంటే తమకు తెలిసిన కొట్టు దగ్గరే ఆపుతారని తీసేశాం. ఊళ్లోకి వెళ్లి బొమ్మలు చెక్కే ఇళ్ల దగ్గరే కొనుక్కోండి. తెల్ల పొణికి కర్ర కాబట్టి పెట్టెలో బరువుండవు.

రాసుకునే కుటుంబాలకు ఈ బండి ఎంత అనువు? సగం. కదిలే బండిలో ఫోను చూస్తూ టైపు చేస్తే పది నిమిషాల్లో కళ్లు తిరుగుతాయి, వెనక వరుసల్లో అయిదు నిమిషాలకే. మాట్లాడి టైపు చేయించుదామంటే డీజిల్ మోతకు, ఏసీ హోరుకు ఫోను "ఉండవల్లి"ని ఏదో ఒకటి చేసేస్తుంది. చార్జింగ్ సాకెట్లు ప్రతి సీటుకూ ఉన్నాయంటారు, పనిచేసేవి రెండో మూడో. పవర్ బ్యాంకులు తెచ్చుకోండి. బండిలో అంకెలు మాత్రం రాసుకోండి: ఎక్కడ ఎన్నింటికి చేరారు, రీడింగ్ ఎంత, టికెట్ ఎంత, ఎన్ని మెట్లు. చిన్న నోటుపుస్తకం, పెన్సిలు చాలు. పెన్ను రాత ఊపుకి కొట్టుకుపోతుంది. మిగతాది రాత్రి బస దగ్గర, ఇంజను ఆగాక.

ఫోటోల దగ్గర అసలు గొడవ గడియారాలది. డల్లాసు ఫోను ఇక్కడ దిగగానే మన టైముకు మారుతుంది, మెడలో వేలాడే కెమెరా మారదు. శీతాకాలంలో అది పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అందరి ఫోటోలూ ఒకచోట చేరిస్తే పొద్దుటి పానకాలస్వామి కొండ ముందు రోజు రాత్రి భోజనాల మధ్యలో దూరుతుంది. మొదటి రోజు బండెక్కగానే అన్ని కెమెరాలతో ఒకే గోడగడియారాన్నో, ఒకే ఫోను తెరనో ఫోటో తీయండి. ఎవరి కెమెరా ఎంత వెనకుందో ఆ ఒక్క ఫోటోతో తేలిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిక్కిపోతుంది, ఎక్కడ తీసిందో ఆ వివరమూ పోతుంది. డాక్యుమెంటుగా పంపండి.

అమరావతి గురించి రాసేటప్పుడు మాత్రం దూరాన ఉన్నవాళ్లే దగ్గరవాళ్లకన్నా ఎక్కువ పనికొస్తారు. స్తూపం దగ్గర మీరు చూసేది మట్టిదిబ్బ చుట్టూ కొన్ని రాళ్లే. చెక్కడాల్లో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోను, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోను ఉంది. లండన్‌లో పిన్ని కూతురుంటే, ట్రిప్పుకు రాలేకపోయినా సరే, ఆ చెక్కడాల గది చూసి రాయమనండి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ వచ్చి చూసినప్పుడు ఆ దిబ్బను ఇళ్ల రాళ్ల కోసం తవ్వుతున్నది జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులే. మంగళగిరిలో 153 అడుగుల, 11 అంతస్తుల గాలిగోపురం కట్టించిందీ ఆయనే. మొదటి రోజు రాసినవాళ్లూ రెండో రోజు రాసినవాళ్లూ ఒకరి రాత ఒకరు చదువుకోకపోతే ఈ ముడి ఎవరికీ దొరకదు.

డ్రైవరు నిద్ర సంగతి అడిగేవాళ్లు తక్కువ. కార్మిక చట్టం రోజుకు 8 గంటల పని అంటుంది. టూరు బండి డ్రైవరు పొద్దున అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా మీతోనే ఉంటాడు. చాలా లాడ్జిల్లో డ్రైవర్లకు గది ఉండదు, బండిలోనే పడుకుంటాడు. వేసవిలో అద్దాలు దించితే దోమలు, ఎత్తితే ఉక్క. ఆ మనిషి మర్నాడు పొద్దున మాచర్ల రోడ్డు మీద కునుకు తీస్తే తప్పెవరిది? నాగార్జునకొండ లాంటి దూరం పెట్టుకున్న ముందు రాత్రి తొమ్మిదికల్లా బండి వదిలేయండి, ఫ్యానున్న మంచం ఒకటి చూపించండి. దానికయ్యే డబ్బు బత్తా కంటే ఎక్కువేం కాదు.

చివరి రోజు రీడింగ్ ఫోటో ఇద్దరి ఫోన్లలో తీయండి, మొదటి రోజు ఫోటో పక్కన పెట్టి ఓనరుకు పంపి, ఆ తర్వాతే బాకీ కట్టండి. దిగేటప్పుడు సీట్ల వెనక జేబులు, చివరి వరుస కింద, పైన సామాను తట్ట, మూడూ చేత్తో తడిమి చూడాలి. చార్జర్లు, కళ్లజోళ్లు దొరికేది అక్కడే, ఒక్కోసారి పాస్‌పోర్టు కూడా.